యాభై ఆరు ముడుల తాడు

ఉప్పుటేటి ఒడ్డున ఉన్న తాళ్ల కొట్టులో నేను ఇరవై రెండేళ్లు పెత్తనం చేశాను. ఏటా ఉగాదినాడు కొట్టు మధ్య నిలబడి, ఆ సంవత్సరం మేము ఎన్ని చుట్టల తాడు పేని ఇవ్వగలమో నలుగురి ముందూ చెప్పేవాడిని. దానిని మేము ‘ఏడాది మాట’ అనేవాళ్లం. ఇరవై రెండు మాటలలో ఇరవై ఒకటి నిలిచాయి. నిలవనిది ఒక్కటే. చిత్రమేమంటే, ఆ ఏడాది చెప్పిన సంఖ్యలో ఒక్క చుట్ట కూడా తగ్గలేదు. గడువునాడు నా మెడలో పూలదండ కూడా పడింది.

ఇప్పుడు ఉద్దానంలో మరి రెండు మూడు చోట్ల ఇటువంటి కొట్లు పెడుతున్నారు. పెత్తనానికి కుదిరిన యువకులు కొందరు నా దగ్గరికి వచ్చి పని చెప్పమంటున్నారు. కొబ్బరికాయ మీది పీచు డొక్క నానబెట్టడం, పీచు కొట్టడం, తాడు పేనడం నాకంటె అక్కడి ఆడవాళ్లు బాగా నేర్పుతారు. నేను నేర్పగలిగినది ఒక్కటే: ఏడాదికి ఒక మాట చెప్పడం, చెప్పాక దాని మీద నిలబడడం. దానిని మొదట ఎంత తప్పుగా చేశానో, తరువాత ఎలా సరిదిద్దుకున్నానో నా దినచర్య పుస్తకాలు ముందు పెట్టుకొని రాస్తున్నాను. తిథులూ లెక్కలూ వాటిలోనివే. జ్ఞాపకాన్ని నమ్మి రాసినది మాటలు మాత్రమే.

కొట్టు, దాని పని

సంతబొమ్మాళి దాటి సముద్రం వైపు వెళితే, ఉప్పుటేరు కడలిలో కలవడానికి ముందు రెండు మలుపులు తిరుగుతుంది. ఆ రెండో మలుపు దగ్గర మా కొట్టు. యజమాని టెక్కలి కాపురస్థుడు లక్ష్మయ్య షావుకారు. తాడు పేనేవారు ముప్పై ఇద్దరు ఆడవాళ్లు. వారికి పెద్ద అసిరమ్మ.

ఉద్దానం తోటల నుంచి, మందస వైపు నుంచి కొబ్బరి డొక్కలు బళ్ల మీద వచ్చేవి. ఏటిలో తాటి కమ్మలతో దడులు కట్టి, ఒక్కొక్క దడిలో నాలుగు వేల డొక్కలు నింపి, పైన బురద, రాళ్లు బరువు పెట్టేవాళ్లం. ఉప్పు నీటిలో పది నెలలు నానితే డొక్క పండుతుంది. అప్పుడు తీసి, కొయ్య సుత్తితో కొట్టి, పీచు ఆరబెట్టి, మూడు పురుల తాడు పేనుతారు. రెండు చేతులూ చాచినంత పొడవు ఒక బార; అరవై బారల తాడు ఒక చుట్ట. ఒక చుట్టకు మూడు వందల డొక్కలు కావాలి.

తాడు కొనేవారు ముఖ్యంగా తీరపు పల్లెలవారు. ఒడ్డున నిలబడి లాగే పెద్దవలకు ఇటు మూడు వందల బారలు, అటు మూడు వందల బారలు తాడు ఉండాలి. అంటే వలకు పది చుట్టలు. మాఘ పూర్ణిమనాడు సముద్రానికి పూజ చేసి, కొత్త తాళ్లతో వల దించడం వారి ఆచారం. అందువల్ల మా ఏడాది మాటకు గడువు కూడా మాఘ పూర్ణిమే.

ఆ మాటను కాగితం మీద రాసేవాళ్లం కాదు. ఉగాదినాడు ఒక సన్నని తాటికి ఎన్ని చుట్టలంటే అన్ని ముడులు వేసి, కొట్టు దూలానికి వేలాడదీసేవాళ్లం. ఒక చుట్ట పూర్తికాగానే ఒక ముడి విప్పేవాళ్లం. చదువు రానివారికి కూడా ఏడాది ఎంత నడిచిందో, పని ఎంత మిగిలిందో తల ఎత్తితే తెలిసేది. నేను ఎన్నో కొట్లు చూశాను గాని ఇంతకంటె మంచి పద్ధతి చూడలేదు. అయితే తప్పు సంఖ్యను కూడా ఆ తాడు అంత బాగానూ చూపిస్తుంది.

నూట యాభై

నేను గుమాస్తాగా చేరి పన్నెండేళ్లయ్యాక, ముప్పయ్యో ఏట, పెత్తనం నా చేతికి వచ్చింది. రైలు పలాసకు వచ్చి పదేళ్లు దాటిన రోజులవి. వచ్చిన నెలకే ఉగాది. షావుకారు టెక్కలిలో పంచాంగ శ్రవణం ముగించుకొని, ఎడ్ల బండిలో మధ్యాహ్నానికి కొట్టుకు వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

“కిందటేడు ఎన్ని చుట్టలయ్యా?”

“తొంభై.”

“ఈ ఏడు నూట యాభై అను. నా రాశికి ఆదాయం పద్నాలుగు, వ్యయం రెండు. వానలు దండిగా ఉన్నాయంట. కొబ్బరి ఇరగ్గాస్తాది.”

కొత్త పెత్తనం. యజమాని ఉత్సాహం మీద నీళ్లు చల్లడం అప్పటికి నాకు చేతకాదు. “నూట యాభై” అన్నాను గట్టిగా. ఆడవాళ్ల వరసలో నుంచి అసిరమ్మ లేచింది.

“వానలకి తాడు పుడతాదేటి బావూ? ఏట్లో డొక్కలెన్నున్నాయో సూసినారా?”

“డొక్కలు కొంటాం, అసిరమ్మా.”

“కొంటారు. నానబెట్టడానికి పది నెల్లు కూడా కొంటారా?”

అందరూ పకపకా నవ్వారు. షావుకారు కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ సాయంత్రం దినచర్యలో రాసుకున్న వాక్యం ఇప్పటికీ ఉంది: ‘అసిరమ్మకు నోరు ఎక్కువ.’ ఆమె అడిగిన ప్రశ్నను మాత్రం రాసుకోలేదు.

ఆనాడు ఏటిలో పండిన డొక్కలు ఏడు దడులు. అంటే ఇరవై ఎనిమిది వేలు. చుట్టకు మూడు వందల చొప్పున తొంభై మూడు చుట్టలు వస్తాయి. ఈ భాగహారం చేయడానికి నిమిషం పట్టదు. నేను చేయలేదు. ఈ ఏటి తాడు నిరుటి డొక్కలో ఉంటుందనీ, ఈ ఏడు ఎంత వాన కురిసినా ఎన్ని డొక్కలు కొన్నా అవి వచ్చే ఏటికే పనికి వస్తాయనీ పన్నెండేళ్లుగా కళ్లతో చూస్తున్నవాడిని. ఉగాది పచ్చడి నోట్లో ఉండగా అదంతా మరిచిపోయాను.

కార్తీక శుద్ధ ద్వాదశికి తొంభై మూడు ముడులు విప్పాం. ఏటిలో పండిన డొక్క ఇక లేదు. దూలానికి యాభై ఏడు ముడులు వేలాడుతున్నాయి. వైశాఖంలో దించిన కొత్త దడులు తొమ్మిది ఉన్నాయి. వాటికి ఆరు నెలలే నిండాయి. వాటిని తెరవమన్నాను.

పండిన డొక్కను పిడికిట నొక్కితే పీచు దానంతట అదే జారుతుంది. పచ్చి డొక్క జారదు. సుత్తితో గట్టిగా కొట్టాలి, కొడితే పీచు విరుగుతుంది. అసిరమ్మ ఒక పిడికెడు పీచు తెచ్చి నా ఎదుట మెలిపెట్టింది. అది పుటుక్కుమంది.

“ఇది పీచు కాదు బావూ, గడ్డి. నా సేతికి తెలుస్తంది.”

“పైకి కనబడదు కదా. మూడు పురులు కలిస్తే అదే ఆగుతుంది.”

“మీకు కనబడదు. సముద్రానికి కనబడతాది.”

పదిహేడు వేల నూరు పచ్చి డొక్కలు తీయించి యాభై ఏడు చుట్టలు పేనించాను. మాఘ పూర్ణిమ ఉదయం నూట యాభయ్యో ముడి నా చేతులతో నేనే విప్పాను. షావుకారు నా మెడలో బంతిపూల దండ వేశాడు.

తెగిన తాడు

పదకొండు రోజులు గడిచాయి. మాఘ బహుళ ఏకాదశి ఉదయం పల్లె పెద్ద పోలయ్య వల దించాడు. నలభై మంది రెండు వరసలుగా నిలబడి లాగుతున్నారు. వలలో చేప బరువుగా పడింది. ఉత్తరం తాడు మూడో చుట్ట దగ్గర తెగింది. ఇరవై మందీ ఇసుకలో వెల్లకిలా పడ్డారు. పట్టు తప్పిన వల అలల్లో తిరిగి, రాళ్లకు చుట్టుకొని, నిలువునా చిరిగింది. ఇంటిల్లిపాదీ కూర్చుని ఏడాది పొడుగునా అల్లుకునే వల అది.

పోలయ్య తెగిన తాడు భుజాన వేసుకొని, పల్లె నుంచి కొట్టుకు నడిచి వచ్చాడు.  దూలం దగ్గరికి వెళ్లి, తెగిన రెండు కొసలనూ కలిపి పెద్ద ముడి వేసి, ఖాళీగా వేలాడుతున్న మా సన్నని తాటి పక్కన కట్టాడు. అప్పుడు నా వైపు తిరిగాడు.

“ముడులన్నీ ఇప్పీసినావు గదా బావూ. ఇదీ ఇప్పు, సూద్దాం.”

 అసిరమ్మ తల వంచుకొని పీచు దులుపుతూ కూర్చుంది. ‘నేను ముందే చెప్పాను’ అనే హక్కు ఆమెకు ఉంది. అనలేదు. ఆ మౌనానికి నేను ఈనాటికీ ఋణపడి ఉన్నాను.

ఫాల్గుణ అమావాస్య లోపల, చివరగా పేనిన యాభై ఏడు చుట్టలలో నలభై ఒకటి తిరిగి వచ్చాయి. సంఖ్య చూస్తే మాట నిలిచింది. కాని తాడు అన్నది కొట్టులో లెక్కపెట్టడానికి కాదు, సముద్రంలో లాగడానికి.

షావుకారుతో బేరం

మా షావుకారు చెడ్డ యజమాని కాడు. ఎదటివాడి ఉత్సాహాన్ని చూసి తానూ ఉత్సాహపడే మనిషి. అటువంటివారి దగ్గర పనిచేయడంలో ప్రమాదమేమంటే, వారు తప్పు చేయరు. మనచేత చేయిస్తారు, మనమూ సంతోషంగా చేస్తాం. ఆ తప్పు నాదే అని రాసుకున్నాను. ఇప్పుడూ అదే రాస్తున్నాను.

మళ్లీ ఉగాదికి నాలుగు రోజుల ముందు నేను పంచె ఎగగట్టి అసిరమ్మతో కలిసి ఏటిలోకి దిగాను. మోకాలి లోతు నీటిలో మూడు రోజులు ఒక్కొక్క దడీ తడిమి లెక్కపెట్టాం. పద్దెనిమిది వేల తొమ్మిది వందలు. నిరుడు దించిన ముప్పై ఆరు వేలలో నేను పచ్చిగా తీయించినవి పోను, సరిగ్గా మిగలవలసినన్ని. అరవై మూడు చుట్టలకు సరిపోతాయి.

“అరవై మూడు అంటాను,” అన్నాను.

“అనకండి,” అంది అసిరమ్మ. “పదిట్లో ఒకటి ఏరు తినీస్తది. కుళ్లిపోద్ది, కొట్టుకుపోద్ది, ఏదో ఒకటి. దాని వాటా దానికి ఒగ్గీయాల.”

అరవై మూడులో పదో వంతు తీస్తే యాభై ఆరు చిల్లర. చిల్లర వదిలేసి యాభై ఆరు అనుకున్నాం.

ఉగాదినాడు షావుకారు ఆ సంఖ్య విని నిలబడినవాడు కూర్చున్నాడు.

“తొంభై నుంచి నూట యాభై, నూట యాభై నుంచి యాభై ఆరా? ఎవరైనా మెట్లు ఎక్కుతారు. నువ్వు మేడ మీంచి దూకుతున్నావేటయ్యా!”

“ఏటిలో ఉన్నవి అంతే.”

“పల్లెల వాళ్లు పలాస స్టేషనులో దిగే దక్షిణాది తాడు కొనుక్కుంటామని అంటున్నారు. ఈ యాభై ఆరు ఎవరు కొంటారు?”

“తెగకపోతే కొంటారు.”

అతను దూలం వైపు చూశాడు. పోలయ్య కట్టిన ముక్క అక్కడే ఉంది. “అలాగే కానీ. మాఘ పూర్ణిమకి యాభై ఆరు. ఒక్కటి తగ్గినా, ఒక్కటి తెగినా కొట్టు మూసీసి, ఈ ఒడ్డున కొబ్బరి మొక్కలు పాతిస్తాను. నీ పెత్తనం కూడా ఆ రోజుతో సరి.”

ముప్పై ఇద్దరు ఆడవాళ్లూ వింటున్నారు. ఆ తీరంలో చేపల బుట్ట మోయడం తప్ప వారికి మరో పని లేదు. సన్నని తాడు తీసి అసిరమ్మ చేతికి ఇచ్చాను. ఆ ఏడాది ముడులు యజమాని వేయలేదు. తాడు చేతులు మారుతూ వరస చివరిదాకా వెళ్లింది. ప్రతి ఒక్కరూ ఒకటో రెండో వేశారు. అసిరమ్మ యాభై ఆరవది వేసి, పళ్లతో బిగించింది.

ఎవరి బార

మరునాడే పల్లెకు వెళ్లాను. పోలయ్య చిరిగిన వలను ఒళ్లో పెట్టుకొని అతుకుతున్నాడు. నన్ను కూర్చోమనలేదు. నేను నిలబడే చెప్పాను: ప్రతి పూర్ణిమకూ ఆ నెల పేనిన చుట్టలన్నీ ఒడ్డుకు తెస్తాను, నువ్వు పరీక్ష చేసి సరే అంటేనే ముడి విప్పుతాను.

“ఎన్ని బారలు సుట్ట?”

“అరవై.”

“ఎవడి బార?”

“నాదే.”

పోలయ్య లేచి నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి. రెండు చేతులూ బారజాపి, “సాపు నీవి కూడా,” అన్నాడు. చాపాను. నా చేతివేళ్లు అతని వేళ్లకు బెత్తెడు ఇవతల ఆగిపోయాయి. చుట్టూ ఉన్నవారు విరగబడి నవ్వారు.

“సూసినార్రా! ఇన్నాళ్లూ మన సుట్టకి ఈ బావు పొట్టితనం కూడా కలిపి అమ్మినాడు.”

అరవై బారలకు అరవై బెత్తెలు; అంటే చుట్టకు రెండున్నర బారల కొరత. మోసం చేయాలని కాదు, ఆలోచించలేదు, అంతే. అక్కడికక్కడే ఒక వెదురు కర్ర తెప్పించి, పోలయ్య బారకు సరిగా కోయించి, కొట్టుకు తీసుకొచ్చాను. మిగిలిన ఇరవై ఒక్క ఏళ్లూ ఆ కర్రతోనే కొలిచాం. యువకులకు చెప్పేది ఇదే: ఏడాది లక్ష్యం చెప్పేముందు, దేనితో కొలుస్తావో చెప్పు. ఆ కొలత నీ ఒంటిది కాకుండా, సరుకు తీసుకునేవాడిది అయితే మంచిది.

నెలనెలా

యాభై ఆరును పది నెలలకూ సమానంగా పంచలేదు. వానాకాలంలో పీచు ఆరదు. కనుక చైత్రం నుంచి ఆషాఢం దాకా నెలకు ఎనిమిది, మొత్తం ముప్పై రెండు, శ్రావణ భాద్రపదాలకు రెండేసి, ఆశ్వయుజానికి నాలుగు, కార్తీక మార్గశిరాలకు ఆరేసి, పుష్యానికి నాలుగు. సన్నని తాటి మీద నెల మారే చోటల్లా ఎర్ర గుడ్డపీలిక కట్టాం.

పోలయ్య పరీక్ష సులభమైనది కాదు. తాడును ఉప్పునీటిలో తడిపి, ఇసుక మీద ఉన్న నావకు కట్టి, ఎనిమిది మంది ఒక్కసారిగా లాగేవారు. నావ కదలాలి, తాడు పురి విడకూడదు. చైత్ర పూర్ణిమనాడు ఎనిమిది చుట్టలు తెచ్చాను. ఏడు నిలిచాయి. ఎనిమిదోదానికి మధ్యలో పురి విడింది. ఆ సాయంత్రం ఆ చుట్ట వంతు ముడి అలాగే ఉండిపోయింది. చుట్టను విడగొట్టించి చిల్లర తాళ్లకు వాడించాను. అసిరమ్మ రెండు రోజుల్లో మరొకటి పేని తెచ్చింది.

“పురి వదిలింది ఎవరిదో సెప్పమంటారా?” అంది.

“అక్కర్లేదు.”

“నాదే బావూ,” అంది నవ్వుతూ. “మాటలాడతా పేనినాను.”

తరువాత మరి ఏ చుట్టా పరీక్ష తప్పలేదు.

శ్రావణంలో వచ్చింది అసలు పరీక్ష. పలాసలో సరుకు ఎగుమతి చేసే ఒక కంట్రాక్టరు, బస్తాలు కట్టడానికి ముప్పై చుట్టలు వెంటనే కావాలన్నాడు. తాడు ముతకగా ఉన్నా ఫరవాలేదన్నాడు. మంచి ధర. షావుకారు స్వయంగా బండి కట్టించుకొని వచ్చాడు.

“ఎగువ మలుపులో కొత్త దడులున్నాయి కదయ్యా. తియ్యి. బస్తా కట్టడానికి పచ్చిదైతేనేం?”

“అవి వచ్చే ఏడాదివి.”

“వచ్చే ఏడాది ఎవడు చూశాడు?”

“నిరుడు కూడా చూడలేదు. చూడనందుకే ఈ ఏడు యాభై ఆరు.”

అతను కోపంగా బండి ఎక్కాడు. ఆ రోజు దినచర్యలో, ‘పెత్తనం మాఘమాసం దాకా ఉంటుందో లేదో’ అని రాసుకున్నాను. కాని నా అనుభవంలో ఏడాది మాటను చంపేది కష్టకాలం కాదు. కష్టకాలంలో అందరూ జాగ్రత్తగానే ఉంటారు. మధ్యలో నవ్వుతూ వచ్చే మంచి బేరమే దాన్ని చంపుతుంది.

గాలివాన

భాద్రపదం ముగిసేసరికి ముప్పై ఆరు ముడులు విప్పాం. ఇరవై మిగిలాయి. దిగువ మలుపులోని రెండు దడులలో ఏడు వేల ఎనిమిది వందల డొక్కలు ఉన్నాయి. కావలసినవి ఆరు వేలు. నిశ్చింతగా ఉన్నాను.

ఆశ్వయుజ శుద్ధ సప్తమి ఉదయం గాలి లేచింది. మధ్యాహ్నానికి ఏరు ఒడ్డు దాటింది. కొట్టు కప్పు పట్టుకొని నిలబడి ఉండగా అసిరమ్మ కేక వినబడింది: “దడి ఎల్లిపోతంది బావూ!”

పరుగెత్తాను. దిగువ దడి తెగిపోయింది. నానిన డొక్కలు సగం మునిగి, సగం తేలి, గుంపులు గుంపులుగా సముద్రం వైపు పోతున్నాయి. చూస్తూండగానే రెండోదీ తెగింది. ఆడవాళ్లు కొంగులు బిగించి, మెడలోతు నీటిలో చేతికి అందినవి ఒడ్డుకు విసురుతున్నారు. చేతులతో పట్టేవి ఎన్ని? వందలు. పోయేవి వేలు.

నేను పల్లెకు పరుగెత్తాను. పోలయ్య నావలను పైకి లాగించి కట్టిస్తున్నాడు. ఊపిరి అందక, “డొక్కలు… ఏరు…” అన్నాను.

“ఎన్ని?”

“మొత్తం. ఇరవై చుట్టలవి.”

అతను ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూశాడు. తరువాత తన మనుషుల వైపు తిరిగి అరిచాడు: “ఒరే, నావలు ఒగ్గీయండి! వల ఎత్తండి! నా కొత్త తాడు ఏట్లో కొట్టుకుపోతంది!”

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వల అడ్డంగా పట్టారు. నా పచ్చి తాడు వల్ల చిరిగి, ఏడెనిమిది నెలలుగా అతుకులు పడిన ఆ వలే అది. ముప్పై మంది రెండు వైపులా కాళ్లు ఇసుకలో తన్నిపెట్టి నిలబడ్డారు. డొక్కలు వచ్చి వలలో పడుతున్నాయి. ఆ హోరుగాలిలోనూ ఎవరో అన్నారు: “సేపలకి ఏసే వల డొక్కలకి ఏత్తన్నాం రా మావా!”

అసిరమ్మ ఇవతలి ఒడ్డు నుంచి అందుకుంది: “గట్టిగా పట్టండ్రా! వీటికి ముళ్లుండవు, భయం నేదు!”

గాలి తగ్గాక రెండు రోజులు లెక్కపెట్టాం. ఆరు వేల రెండు వందల నలభై దొరికాయి. పదిహేను వందల అరవై పోయాయి. కావలసినవి ఆరు వేలు. ఆ కాగితం అసిరమ్మకు చదివి వినిపించాను. ఆమె ఏటి వైపు చేయి చూపించింది.

“సెప్పినాను గదా. దాని వాటా అది తీసుకుంది.”

ఎగువ మలుపులోని కొత్త దడులు చెక్కుచెదరలేదు. పలాస కంట్రాక్టరుకు ఇచ్చివుంటే అవీ మిగిలేవి కావు. షావుకారు ఆ మాట తానే అన్నాడు; నేను అనలేదు.

చివరి ముడి

తడిసిన పీచు ఆరడం ఆలస్యమై ఆశ్వయుజంలో రెండే చుట్టలు అయ్యాయి. ఆ రెండింటి కొరతనూ కార్తీకంలో పూడ్చాం. పుష్య పూర్ణిమకు యాభై ఆరో చుట్ట పరీక్షలో నిలిచింది. ఆడవాళ్లు సంబరంగా దూలం వైపు చూశారు. ఒక్క ముడి మిగిలి ఉంది. నేను విప్పలేదు.

“తెగితే మూసేస్తామన్నారు కదా. వల ఒడ్డుకు చేరాక విప్పుదాం,” అన్నాను.

అయిదు వలలకు యాభై చుట్టలు, మరి ఆరు చుట్టలు పాత తాళ్లకు అతుకు వేయడానికి: మొత్తం పల్లెలవారే తీసుకున్నారు. పలాసలో దిగే దక్షిణాది తాడు ఎవరూ కొనలేదు. మాఘ పూర్ణిమ ఉదయం సముద్రానికి పసుపు కుంకుమ చల్లి, కొబ్బరికాయలు కొట్టి, మొదటి వల పోలయ్యే దించాడు. షావుకారు టెక్కలి నుంచి తెల్లవారకముందే బయలుదేరి వచ్చి, చెప్పులు చేత పట్టుకొని ఇసుకలో నిలబడ్డాడు. మా సన్నని తాడు అసిరమ్మ చేతిలో ఉంది.

లాగుడు మొదలయ్యేముందు పోలయ్య నా భుజం పట్టుకొని ఉత్తరం తాడు దగ్గరికి నడిపించాడు.

“మూడో సుట్ట కాడ నిలబడు బావూ. తెగితే ముందు నువ్వే పడాల.”

పై పంచె తీసి నడుముకు చుట్టి, తాడు పట్టుకున్నాను. లాగాం. అరచేతుల్లో పీచు కొరికింది. తాడు నీటిలో నుంచి నిగనిగలాడుతూ వస్తోంది. అలవాటు చొప్పున బారలు లెక్కపెట్టాను. నూట ఇరవై. నూట యాభై. మూడో చుట్ట నా చేతుల మీదుగా వెనక్కి జారిపోయింది. అక్కడే వల బరువు తెలిసింది. ఇరవై మందిమీ ఒక్కసారి ముందుకు తూలాం. తాడు బిగిసింది, మూలిగింది, నిలబడింది. రెండు వందలు. రెండు వందల యాభై. మూడు వందలు.

వల ఒడ్డుకు వచ్చింది. కవళ్ల చేపలు వెండి కుప్పలా ఇసుక మీద పొర్లాయి. ఆడవాళ్లు కేకలు వేశారు. అసిరమ్మ సన్నని తాడు నా ముందు చాచింది. నా వేళ్లు వాచి, ఆమె పళ్లతో బిగించిన ఆ ముడి విప్పడం నా వల్ల కాలేదు. పోలయ్య అందుకొని విప్పాడు.

తిరిగి కొట్టుకు వచ్చాక, దూలానికి వేలాడుతున్న తెగిన ముక్కను తీసేయబోయాను. అసిరమ్మ అడ్డుపడింది.

“ఉండనీయండి బావూ. మీకోసం కాదు. షావుకారు కోసం.”

ఆమె చెప్పింది నిజమని అంతకు గంట ముందే ఒడ్డున అందరం చూశాం. చేపల కుప్ప చూసి లక్ష్మయ్య షావుకారు ఆనందం పట్టలేక, చెప్పులు పైకెత్తి అరిచాడు: “వచ్చే ఏడు రెండొందలయ్యా! రెండొందలు!”

 నేను నోరు తెరవవలసిన అవసరం కలగలేదు. అసిరమ్మ, పోలయ్య, లాగి లాగి ఇసుకలో కూలబడిన నలభై మంది, ముప్పై ఇద్దరు ఆడవాళ్లు, అందరూ ఒక్క గొంతుతో అడిగారు:

“డొక్కలేవి బావూ?”

షావుకారు చేయి గాలిలోనే ఆగిపోయింది. ఒక్క క్షణం బిక్కమొహం వేసి, తరువాత అందరికంటె గట్టిగా తానే నవ్వాడు.

మరునాడు, మాఘ బహుళ పాడ్యమి. అతను పంచె ఎగగట్టి నాతోబాటు ఎగువ మలుపులో దిగాడు. సాయంత్రం దాకా లెక్కపెట్టాం. ముప్పై ఎనిమిది వేలు. నూట ఇరవై ఆరు చుట్టలు, పైన చిల్లర. నేను నోరు తెరిచేలోగా అతనే అన్నాడు: “అందులో పదో వంతు ఏటిది.”

నూట పద్నాలుగు. ఉగాదికి నెలన్నర ముందే ఆ సంఖ్యను దినచర్యలో రాశాను. మరుసటి మాఘ పూర్ణిమకు నూట పద్నాలుగో ముడి షావుకారు తన చేతులతో విప్పాడు.